మొదటి ట్రిప్పుకు రాని మనిషి

ఆయన పోయాడని నాకు కల్హేర్ అంగడిలో తెలిసింది. ఎండుమిరపకాయల కుప్ప ముందు కూర్చొని తొడిమలు చూసుకుంటున్నాను. పక్కన తమలపాకులు అమ్మే ముసలాయనకు నేను చాలా ఏళ్లుగా తెలుసు, జీపు తోలేవాడిగా. "మీ ఉస్తాదు పోయిండంట గద, పొద్దుగాల" అన్నాడు, వాన పడేటట్టుంది అన్నంత మామూలుగా.

"ఎవలు?" అన్నాను, తెలిసి కూడా.

"గదే, తెల్లంగి మెకానిక్కు."

అబద్ధం ఎందుకు, నాకు ముందు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. కిందటేడు ఆయన నాకొక మాట చెప్పాడు. అది నిజమో అబద్ధమో ఎదురుగా కూర్చొని, కళ్లలోకి చూసి తేల్చుకోవాలని అప్పటినుంచీ అనుకుంటూనే ఉన్నాను. ఇదిగో పోదాం, అదిగో పోదాం అని రోజులు గడిచాయి. ఇంతలో ఈయన లేచి వెళ్లిపోయాడు. పని మధ్యలో లేచి వెళ్లిపోవడం ఆయనకు కొత్త కాదు గానీ, ఈసారి మరీ అన్యాయం.

మిరపకాయలు మాత్రం తెచ్చుకున్నాను. మా ఆవిడ వాటిని చేటలో పోసి, "కండ్లు ఏడ వెట్టుకొని కొన్నవ్?" అంది.

తెల్లంగి అనే పేరు ఊరు పెట్టింది. నారాయణఖేడ్ బస్టాండు వెనక సందులో ఆయన షెడ్డు. రెండు బండ్లు లోపల పట్టేవి, మూడోది సందులో, నాలుగోది పక్కింటివాళ్ల తిట్ల మధ్య. ఎక్కడ చూసినా నల్లటి నూనె, మసి, గ్రీజు. ఆ మసి మధ్యలో ఈయన తెల్లచొక్కా తొడుక్కొని తిరిగేవాడు. చేతులు మోచేతుల పైదాకా మడిచి, కాలరు గుండీ దాకా పెట్టుకొని, అలాగే బండి కిందికి దూరేవాడు, అలాగే బయటికి వచ్చేవాడు. మరక ఉండేది కాదు. "అంగికి మరక వడ్డదంటె పని తెల్వదన్నట్టే" అని మిగతా మెకానిక్కులను ఏడిపించేవాడు. వాళ్లకు ఒళ్లు మండేది. మాకు తమాషాగా ఉండేది.

ఇంజన్ నడుస్తుంటే పొడుగు స్క్రూడ్రైవర్ మొనను దానికి ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని కళ్లు మూసుకునేవాడు. అప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. కాసేపటికి కళ్లు తెరిచి, జబ్బు పేరు చెప్పకుండా ఆ బండి గుణం చెప్పేవాడు. "ఇది అలిగింది." "దీనికి ఆకలెక్కువ." "ఇది మంచిదే, తోలెటోడే పోకిరోడు." చాయ్ సాసర్లో పోసుకొని, చాలాసేపు ఊదిగానీ తాగేవాడు కాదు. ఆలస్యమవుతోందని మేం గునిస్తే, "చాయ్‌కైనా ఇంజన్‌కైనా గాలియ్యాలె తమ్మీ" అనేవాడు.

కోతలు కూడా బాగా కోసేవాడు. వయసులో ఉండగా దుబాయిలో ఓ గ్యారేజీలో పనిచేసి వచ్చాడు. ఇసుకదిబ్బలు ఎక్కే పెద్దబండ్లకు అక్కడ ఆయనే వైద్యుడట. ఒక షేకు మెచ్చుకొని చేతిగడియారం ఇచ్చాడట. ఇంకోసారి చెప్పినప్పుడు, షేకు ఇవ్వబోతే ఈయనే వద్దన్నాడట. మరోసారి ఆ గడియారం విమానంలో పోయిందట. మేం ఏ కథకు ఆ కథ నమ్మేవాళ్లం. వినడానికి బాగుండేది, ఎవరికీ నష్టం లేదు.

అయితే ఒక్క విషయంలో కోతలు లేవు. పెద్ద పని ఏది చేసినా, ఇంజన్ విప్పి బిగించాక, సబ్బుతో చేతులు కడుక్కొని, అంగి సర్దుకొని వచ్చి డ్రైవరు పక్క సీట్లో కూర్చునేవాడు. బండి ఎక్కడిదాకా పోతే అక్కడిదాకా పోయి, అదే బండిలో తిరిగి వచ్చేవాడు. షెడ్డులో ఎంత పనున్నా, ఎవరు ఎదురుచూస్తున్నా సరే. "ఇంజన్ ఇప్పినోడు మొదటి ట్రిప్పుల ముందట కూసోవాలె. సూదిచ్చి ఇంటికి పంపుడు మనతోని కాదు" అనేవాడు. దాన్ని తన కానూన్ అనేవాడు. మా చుట్టుపక్కల ఏ మెకానిక్కూ ఇలా చేయడు. అందుకే డ్రైవర్లందరం ఆ ఇరుకు సందుకే పోయేవాళ్లం. ముందుసీట్లో తెల్లంగి కనబడితే చాలు, ప్రయాణికులు కూడా మారు మాట్లాడకుండా ఎక్కేవాళ్లు.

రెండువేల మూడో, నాలుగో. నేను మిషన్ బడిలో చదివి, ఇంటర్ తప్పి, పత్తిచేలో నాలుగేళ్లు మట్టి పిసికి, చివరికి ఒక పెద్దబండి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. పట్నంలో అలాంటి వాటిని ఎస్‌యూవీ అంటారు. మా దగ్గర ఏది వచ్చినా జీపే. డీజిల్ బండి, పొడుగాటి ఒళ్లు, వెనక ఎదురెదురు సీట్లు. నారాయణఖేడ్ నుంచి కంగ్టికి, కంగ్టి నుంచి నారాయణఖేడ్‌కు సవారీలు కొట్టేవాడిని. బరువు ఎంతైనా మోసేది గానీ, కంగ్టి దారిలో పొడుగాటి ఎత్తు ఒకటి ఉంది, డ్రైవర్లం చడావు అంటాం. అక్కడికి రాగానే దాని పని అయిపోయేది. మగవాళ్లు దిగి నడవాలి. ఒక్కోసారి ఆడవాళ్లు కూడా. "మేం బండెక్కినమా, బండి మమ్మల్నెక్కిందా?" అని ఒక పెద్దమ్మ చంకలో మూట పెట్టుకొని రోజూ నన్ను కడిగేసేది. తల ఎత్తుకోలేకపోయేవాడిని.

ఒకరోజు ఆయన స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకొని విని, "తమ్మీ, దీని ఒళ్లు పెద్దది, ఊపిరి చిన్నది. ముక్కుల గాలి కొట్టాలె" అన్నాడు.

దుబాయిలో చూశాడట, సూపర్‌చార్జర్. ఇంజన్ తిరిగే జోరుతోనే బెల్టు వేసి ఒక పెట్టెను తిప్పుతారు. పెట్టెలో మెలి తిరిగిన రెక్కలు రెండుంటాయి. అవి బయటి గాలిని లాగి ఇంజన్‌లోకి దూర్చిపెడతాయి. గాలి ఎక్కువైతే డీజిల్ కూడా ఎక్కువ ఇవ్వొచ్చు, రెండూ కలిస్తే జోరు. ఆయన దానికి గాలిపెట్టె అని పేరు పెట్టాడు. హైదరాబాద్ తుక్కు బజారులో, దెబ్బ తిన్న ఏదో విదేశీ బండి నుంచి ఊడదీసింది తెచ్చాడు. మా చర్చి హార్మోనియంలో సగం ఉంటుంది. అల్యూమినియం తళతళలాడుతూ ఉండేది. దాన్ని గోనెసంచిలోంచి తీసి నా చేతుల్లో పెట్టినప్పుడు, కొత్తగా పుట్టిన బిడ్డను ఎత్తుకున్నంత భయం వేసింది నాకు.

బిగించడానికి చాలా రోజులు పట్టింది. లేత్ మిషన్ దగ్గరికి పోయి పట్టీలు చేయించాడు, అవి కుదరక మళ్లీ చేయించాడు. బానెట్ కింద చోటు చాలకపోతే బ్యాటరీని అటు జరిపాడు. డీజిల్ పంపు మీద స్క్రూ తిప్పి, గాలికి తగ్గట్టు డీజిల్ పెంచాడు. ఆ రోజులన్నీ నేను వాళ్లింట్లోనే తిన్నాను. వదిన జొన్నరొట్టెలు చేసి, పచ్చిపులుసు పోసి, "మీ అన్నకు నాకంటె నీ బండి మీదనే పాణం" అని ఎత్తిపొడిచేది. నాకు తోడబుట్టిన అన్న లేడు. ఆ రొట్టెలు తింటూ, ఉన్నాడనుకున్నాను.

మొదటి ట్రిప్పు బోరంచ పోవాలన్నాడు, నల్లపోచమ్మ దగ్గరికి. మా అమ్మ చర్చిమనిషి, మూతి ముడిచింది. ఆయన నవ్వి, "నా పోచమ్మను అడుగుత, నీ ఏసయ్యను నువ్వడుగు. ఇద్దరు సూస్కుంటె మంచిదే గదనే అమ్మా" అన్నాడు. అమ్మ బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఆయన నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. ముందుసీట్లో ఆయన, వెనక వదిన, వదిన వాళ్లమ్మ, మా అమ్మ. తన ఇంటి మనుషులందరినీ నా బండిలో ఎక్కించాడు ఆ రోజు. ఇది నేను మరచిపోలేదు. మరచిపోతే బాగుండేది.

బోరంచ పోయి వచ్చి, నేరుగా కంగ్టి చడావుకు తీసుకుపొమ్మన్నాడు. ఎత్తు మొదలయ్యింది. గాలిపెట్టె ఈల వేయడం మొదలుపెట్టింది, సన్నగా, తరవాత గట్టిగా. బండి వెనక ఎవరో చెయ్యి వేసి తోసినట్టు పైకి పోయింది. గేరు మార్చాల్సిన పనే రాలేదు. ఆయన కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి, గాలిని పట్టుకున్నట్టు పిడికిలి బిగించాడు. "ఏం తమ్మీ?" అన్నాడు. నేను ఇంకా గట్టిగా తొక్కాను.

ఆ ఈల నా బతుకును మార్చింది. చేలలో ఉన్నవాళ్లు దూరంనుంచే విని, గట్టు దాటి రోడ్డు మీదికి వచ్చి నిలబడేవాళ్లు. "సూపరు వస్తుంది" అనేవాళ్లు. దసరా దాటాక చెరుకు కొట్టుళ్లకు వలస పోయే కుటుంబాలు మూటలు, గిన్నెలు, కోళ్లు, పసిపిల్లలతో సహా నా బండి కోసమే ఆగేవి, వేరే జీపులు పిలిచినా ఎక్కేవి కాదు. చడావు దగ్గర దిగాల్సిన పని లేదు గదా. రోజూ కడిగేసే పెద్దమ్మ కూడా నన్ను బిడ్డా అని పిలవసాగింది.

మా ఊళ్లో ఒక గుత్తేదారు ఉండేవాడు, రోడ్డు పనులు చేయించేవాడు. ఆయన ఓ భారీ కొత్తబండి కొన్నాడు. నా జీపు పక్కన నిలబెడితే దున్నపోతు పక్కన మేకపిల్లలా ఉండేది నాది. షెడ్డుకు వచ్చి, నా బానెట్ ఎత్తించి, ఈల విన్నాడు. "గీ సప్పుడు నా బండ్ల రావాలె" అన్నాడు. అడగడం కాదు, చెప్పడం. ఆయనకు మెయిన్‌రోడ్డు మీద ఖాళీ జాగా ఉంది. మా తెల్లంగికి ఆ సందులోంచి బయటపడి రోడ్డు మీద షెడ్డు వేసుకోవాలని ఎన్నాళ్లనుంచో ఉంది. ఈ రెండు సంగతులూ నాకు విడివిడిగా తెలుసు. కలిపి చూడాలని తట్టలేదు.

మరుసటి ఎండాకాలం ఆయనే కబురు పంపాడు. గాలిపెట్టె బేరింగు మార్చాలట, బండి వదిలిపెట్టి పొమ్మన్నాడు. వదిలిపెట్టి పోయాను. తిరిగి వచ్చేసరికి బానెట్ మూసి ఉంది. స్టార్ట్ చేస్తే ఈల వచ్చింది. కాస్త తేడాగా ఉంది, గొంతు సన్నబడినట్టు.

"ఏందన్నా, సప్పుడు మారింది?"

"కొత్త బేరింగు గద. గొంతు మారుతది, మళ్ల సర్దుకుంటది."

"మరి కూసో. కంగ్టి పోయొద్దాం."

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. తుడిచిన వేలినే మళ్లీ తుడిచాడు. "ఇయ్యాల గాదు తమ్మీ. మీ వదినకు జరమొచ్చింది. దవాఖానకు తీస్కపోవాలె. నువ్వు పో" అన్నాడు.

పోయాను. పక్కసీట్లో ఎవరో సవారీ మనిషి కూర్చున్నాడు. బజారు దాటుతుంటే వదిన కనిపించింది, కూరగాయల బండి దగ్గర నిలబడి వంకాయలు ఏరుతోంది. జ్వరం తగ్గిందేమో అనుకున్నాను. చెయ్యి ఊపితే ఆమె కూడా ఊపింది.

తరవాత బండి నల్లగా పొగ వదలడం మొదలుపెట్టింది. అడిగితే, "ఊపిరి తీసుకుంటుంది తీ" అన్నాడు. జోరు తగ్గింది గానీ, ఎండాకాలం సవారీలు తక్కువ, చడావు ఎలాగో ఎక్కేస్తోంది. ఈల ఉంది గదా అని ధైర్యం. ఈలోగా మెయిన్‌రోడ్డు మీద కొత్త షెడ్డు లేచింది, పెద్ద బోర్డుతో. గుత్తేదారు బండి ఈల వేసుకుంటూ ఊరంతా తిరిగింది. "ఇంకోటి దొర్కింది తమ్మీ పట్నంల" అన్నాడు తెల్లంగి. నాకు సంతోషం కూడా వేసింది, మా అన్న బాగుపడుతున్నాడని. ఇది చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

దసరా పోయింది. చెరుకు కొట్టుళ్లకు పోయేవాళ్లను ఎక్కించుకొని కంగ్టి దిక్కుకు పోతున్నాను. లోపల ఊపిరాడనంత మంది, పైన మూటలు. చడావు సగం ఎక్కాక పొగ కమ్మేసింది. ఇంజన్ మూలిగింది, లోపల ఏదో టప్పున అయింది, అంతే, పట్టేసింది. ఇంజన్ ఆగితే ఆ బండికి బ్రేకు కూడా రాయిలా అయిపోతుంది. రెండు కాళ్లతో తొక్కాను. బండి వెనక్కి జారింది. లోపల అరుపులు. నేను కూడా అరిచాను, ఏమని అరిచానో తెలియదు. రోడ్డు పక్క కంకరకుప్ప అడ్డం లేకపోతే వాగులోనే తేలేవాళ్లం.

ఎవరూ చావలేదు. ఆ పెద్దమ్మ చెయ్యి విరిగింది. ఆమెను రోడ్డు పక్క కూర్చోబెట్టి నా తువ్వాలతో చెయ్యి కడుతుంటే, తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నీ ఈల ఇని ఎక్కినం బిడ్డా" అంది.

బండిని ట్రాక్టరుకు కట్టి తెచ్చాను. ఆ రోజు షెడ్డుకు తాళం ఉంది. ఆగే ఓపిక లేక బీదర్ నుంచి ఒక మెకానిక్కును పిలిపించాను. ఆయనది కన్నడం, మన మాట అర్థమవుతుంది. ఇంజన్ విప్పి, కరిగిపోయిన పిస్టన్ తీసి చూపించాడు. డీజిల్ మీదమీద పడుతోంది, దానికి సరిపడా గాలి లేదు, అందుకే వేడికి కరిగిందన్నాడు. గాలి లేకపోవడమేంటి, గాలిపెట్టె ఉందిగదా అన్నాను. ఆయన నా మొహం చూసి, పానా తీసుకొని ఆ పెట్టె బోల్టులు విప్పాడు. మూత తీశాడు.

"ఒళగ ఏనూ ఇల్లప్పా" అన్నాడు. "లోపల ఏం లేదు. ఖాళీ."

రెక్కలు లేవు. బెల్టు తిప్పే చక్రం వెనక బెత్తెడు ఇరుసు ముక్క, దానికి ఎండిపోయిన బేరింగు ఒకటి. ఈల వేసేది అదే. పెట్టె లోపలంతా కిరసనాయిలుతో కడిగి తుడిచి ఉంది. మూత కింద కొత్త గాస్కెట్ వేసి ఉంది. నేను వేలు పెట్టి లోపలి గోడ అంతా రాసి చూశాను. వేలికి మరక అంటలేదు. ఎవరి పనో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

పెట్టె పట్టుకొని మెయిన్‌రోడ్డు షెడ్డుకు పోయాను. ఆయన సాసర్లో చాయ్ ఊదుకుంటున్నాడు. పెట్టెను ఆయన ముందు బల్ల మీద పెట్టాను. ఒకసారి చూశాడు, మళ్లీ చాయ్ ఊదాడు. బుకాయిస్తాడనుకున్నాను. బుకాయించలేదు.

"ఉన్నదనుకున్నవ్, చడావెక్కినవ్" అన్నాడు. "ఇన్ని దినాలు ఎక్కలేదా తమ్మీ?"

నవ్వాడు కూడా. షేకు గడియారం కథ చెప్పినప్పటి నవ్వే.

"తీస్కుంటె తీస్కున్నవ్. డీజిల్ స్క్రూ ఎందుకు తగ్గియ్యలే?" అన్నాను.

"తగ్గిస్తె జోరు ఒక్కపారి పడిపోతుండె. నీకు తెలుస్తుండె."

ఇంత చక్కగా చెప్పాడు. పని నేర్పుతున్నట్టు చెప్పాడు. కొట్టాలనిపించింది. ఆ తెల్లచొక్కా మీద బల్ల మీది నల్లనూనె డబ్బా గుమ్మరించాలనిపించింది. చేతులు రాలేదు. అడగవలసింది ఇంకొకటుంది.

"ముందట ఎందుకు కూసోలే ఆ దినం?"

ఆయన సాసరు కింద పెట్టాడు. రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. చాయ్ మీద మీగడ కట్టింది.

"చాయ్ తాగుతవా?" అన్నాడు చివరికి.

వచ్చేశాను. నన్ను కోసింది దొంగతనం కాదు. రెక్కలు పోతే పోయాయి, లోహం ముక్కలు. గుత్తేదారుకు ఎదురు చెప్పలేకపోయాడనుకుందాం, రోడ్డు మీద జాగాకు ఆశపడ్డాడనుకుందాం, అదీ సరే. కానీ కూర్చోలేదంటే తెలుసన్నమాట. ఆ బండి ఎక్కినవాళ్లకు ఏమైనా కావచ్చని తెలుసు. తాను ఎక్కకుండా, నన్ను ఎక్కించాడు. ఆ పెద్దమ్మను ఎక్కించాడు, పసిపిల్లలను ఎక్కించాడు. దీన్ని ద్రోహం అనక ఇంకేమంటారు?

గుత్తేదారు మీదికి పోయే ధైర్యం ఎవరికీ లేదు, నాకూ లేదు. ఇంజన్ మామూలుగా చేయించుకొని మళ్లీ అదే దారిలో తోలాను. చడావు దగ్గర మళ్లీ మగవాళ్లు దిగి నడిచారు. కొన్నాళ్లకు ఆటోలు వచ్చాయి, నా సవారీలు సగం అవి ఎత్తుకుపోయాయి. ఆయన షెడ్డు ముందునుంచి రోజూ పోవాల్సిందే. నన్ను చూసి చెయ్యి ఎత్తేవాడు. నేను అద్దంలోకి చూసేవాడిని, చెయ్యి ఇంకా ఎత్తే ఉందా అని. ఉండేది.

ఏళ్లు గడిచాయి. కిందటేడు ఒక పొద్దున వదిన మా ఇంటికి వచ్చింది. చిక్కిపోయింది. గడపలోనే నిలబడింది. "మీ అన్నకు పాణం బాగలేదు తమ్మీ. కిడ్నీలు కరాబైనయంట. బీదర్ దవాఖానకు తీస్కపోవాలె. ఎన్ని బండ్లు తెచ్చినా ఎక్కుతలేడు. నీ బండ్లనే పోత అంటుండు" అంది.

నేను పోనన్నాను. మా అమ్మ మంచంలోంచే, "ఆమె జొన్నరొట్టెలు తిన్నవ్ గద బిడ్డా" అంది. తాళాలు తీసుకున్నాను.

ఆయన బయటికి వచ్చాడు. తెల్లచొక్కా, కాలరు గుండీ దాకా పెట్టుకున్నాడు, కానీ మెడకూ కాలరుకూ మధ్య నా పిడికిలి పట్టేంత ఖాళీ. వెనకసీట్లో బొంత పరిచాను, పడుకోవడానికి. ఆయన బొంత వైపు చూడలేదు. ముందు తలుపు తీసుకొని, కష్టపడి ఎక్కి, నా పక్కన కూర్చున్నాడు.

"కంగ్టి మీదికెళ్లి పోనియ్యి" అన్నాడు.

"చుట్టు అయితది గద" అంది వదిన వెనకనుంచి.

"పోనియ్యి."

ఎందుకో నేను కాదనలేదు. పొయ్యేంతసేపూ మాట్లాడుతూనే ఉన్నాడు. క్లచ్ ఆలస్యంగా పట్టుకుంటోందన్నాడు, ఎడమచక్రం బేరింగు చూపించుకొమ్మన్నాడు. క్షమించమంటాడేమోనని నేను ప్రతి మలుపులో ఎదురుచూశాను, ఆయన బేరింగుల గురించే మాట్లాడాడు. వదిన బొంత మీద ఒరిగి నిద్రపోయింది, పాపం ఎన్ని రోజుల నిద్రో. చడావు వచ్చింది. ఖాళీ బండి గదా, మెల్లగా ఎక్కింది. ఆయన అరచెయ్యి డాష్‌బోర్డు మీద ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఆ కంకరకుప్ప ఉండే చోట నేను బండి పక్కకు తీసి ఆపాను.

"అన్నా, ఆ దినం ఎందుకు కూసోలే?"

కళ్లు తెరవలేదు. "గదే చెప్పిన గద" అన్నాడు.

"ఏం చెప్పినవ్?"

"నా కానూన్ నీకెర్కే. కూసోలేదంటె బండి మంచిగ లేదనే గద. నోటితోని చెప్పరాలే తమ్మీ. గుత్తేదారు మనుషులు షెడ్డులనే ఉన్నరు. గట్ల చెప్పిన. నువ్వు సమజ్ చేసుకుంటవనుకున్న."

"జరమంటివి గద!"

"జరమొస్తె బజార్ల వంకాయలు ఏరుతదా?" అన్నాడు. కళ్లు తెరిచి నా వైపు చూశాడు. "మీ వదినను నేనే పంపిన, నీకు కనవడాలని. అబద్ధమని తెలిస్తె తిరిగొస్తవనుకున్న. నువ్వేమో చెయ్యూపి పోయినవ్."

తప్పు తెచ్చి నా ఒళ్లో పెట్టేశాడు, గోనెసంచిలోంచి గాలిపెట్టె తీసి పెట్టినంత నెమ్మదిగా. ఆ తరవాత పొగ గురించి అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు? రోజూ ఎదురుగా పోతుంటే చెయ్యి ఎత్తేవాడివి గదా, ఆ చేత్తోనే ఆపి ఎందుకు చెప్పలేదు? ఇవన్నీ నాకు బీదర్ చేరి, ఆయన్ను చక్రాలకుర్చీలో కూర్చోబెట్టి లోపలికి పంపాక గుర్తొచ్చాయి. తరవాత అడుగుదాంలే అనుకున్నాను. తరవాత అంటే ఇదిగో, కల్హేర్ అంగడి.

మిరపకాయలు ఇంట్లో పడేసి వాళ్లింటికి పోయాను. మనుషులు పలుచగా ఉన్నారు. గుత్తేదారు రాలేదు, ఆయన బండి కూడా రాలేదు. దండెం మీద తెల్లచొక్కా ఆరేసి ఉంది. ఆడవాళ్ల ఏడుపు కాస్త సద్దుమణిగాక వదిన పక్కన కూర్చున్నాను. అడగకూడని సమయం. నాకూ తెలుసు. అయినా అడిగాను.

"వదినా, ఒక్క మాట. చాన ఏండ్ల కిందట, నా బండి బేరింగు మార్చిన దినం, నిన్ను అన్ననే బజారుకు పంపిండా?"

ఆమె ఏడ్చి వాచిన కళ్లతో నన్ను చూసింది. "ఏ బజారు తమ్మీ?"

"వంకాయలు ఏరుతుంటివి. నాకు చెయ్యూపినవ్."

"నేను రోజు పోతుంటి గద తమ్మీ బజారుకు" అంది. "ఏ దినమని యాదుంటది?"

అంతే. ఆమె మళ్లీ ఏడవడం మొదలుపెట్టింది. నేను కూడా ఏడ్చాను. ఎవరికోసమని అడిగితే చెప్పలేను.

ఆ గాలిపెట్టె ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. మా ఆవిడ పారేస్తానంటే పారేయనివ్వలేదు. నాలుగు బోల్టులు విప్పితే, కనీసం లోపల ఏమీ లేదన్న సంగతైనా తెలిసింది. ఆయన చివరగా చెప్పిన మాట కూడా అచ్చం అలాగే ఈల వేస్తుంది. విప్పి చూద్దామంటే దానికి బోల్టులు లేవు.